కర్టెన్ ట్రైలర్‌లో వంకర లోడు: పరదాని లెక్కలోంచి తీసేసి కట్టు

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న ఒకసారి చెప్పి మొదలెడతాను, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. గాజువాక ఆటోనగర్ నుంచి రాయపూర్‌కి, సాలూరు మీదుగా, 40 అడుగుల కర్టెన్ ట్రైలర్, అంటే పక్క గోడల బదులు జరిపే పరదాలు ఉండేది. సరుకు మూడు రకాలు. నాలుగు టన్నుల ప్రెస్ మెషిను ఒకటి, కింద సన్నం, పైన లావు. ఆరు మీటర్ల ఇనప పైపుల కట్టలు నాలుగు, కట్ట రెండేసి టన్నులు. బోను కట్టిన వెయ్యి లీటర్ల తెల్ల ట్యాంకులు ఆరు. "పక్కన కర్టెన్ ఉంది, పైనుంచి వేలాడే బెల్టులు ఉన్నాయి, ఓనరు గారు ఇంకో పది రాచెట్ బెల్టులు కొనిచ్చారు, సరిపోతాయా అన్నా?" అన్నావు. (రాచెట్ అంటే పిడి ఆడిస్తూ బెల్టు బిగించే పరికరం.)

సరిపోవు. కానీ బెల్టులు తక్కువవడం ఒక్కటే కాదు సంగతి. పది కాదు, ఇరవై ఇచ్చినా ఆ మెషిను మీద నుంచి వేసి బిగిస్తే నేను గేటు దాటనివ్వను. ఎందుకో లెక్కతో సహా చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఇరవై రెండేళ్లుగా లోడింగ్ దగ్గరే ఉన్నాను, పోర్టు రోడ్డులో కొన్నాళ్లు, తర్వాత ఆటోనగర్‌లో. నాకు పని నేర్పిన కళాసీ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. అప్పట్లో ఇవన్నీ ఓపెన్ బాడీలు, పట్టా కప్పి తాడేసి పంపేవాళ్లం. పట్టా బిగించాక నేను చేతులు దులుపుకుంటే ఆయన అన్న మాట, "పట్టా ఏస్తే వాన ఆగుతాది బాబూ, బరువు ఆగుతాదేటి?" కర్టెన్ అంటే పక్కకి జరిగే పట్టా, అంతే. పైగా పాత పట్టా కన్నా ఇదే ప్రమాదం. పట్టా కింద సరుకు కదిలితే ఆకారం మారేది, వెనకొచ్చే లారీవాడికి కూడా కనపడేది. కర్టెన్ తిన్నగా, అందంగా నిలబడి ఉంటుంది, లోపల మెషిను అడుగు జరిగినా బయటికి తెలీదు. చూస్తే బాగానే ఉంది కదా అనిపిస్తుంది, ఆ అనిపించడమే మన కొంప ముంచేది.

కర్టెనే బరువు ఆపేలా చేసిన బాడీలు ఉన్నాయి, లేవని కాదు. యూరప్‌లో ఈఎన్ 12642 అని ఒక ప్రమాణం, అందులో ఎక్స్‌ఎల్ రకం బాడీ అయితే పక్క గోడ మొత్తం పేలోడ్‌లో, అంటే బండి మోసే సరుకు బరువులో, 40 శాతం, ముందు గోడ 50 శాతం, వెనక 30 శాతం బలం తట్టుకోవాలి. అదైనా సరుకు ఈ చివర నుంచి ఆ చివరకి, కర్టెన్‌కి దాదాపు ఆనుకుని, సమంగా నిండి ఉన్నప్పుడే. అంటే కూల్‌డ్రింకు కేసులు, డబ్బాలు నింపిన ప్యాలెట్లు, అలాంటివాటికి. మధ్యలో ఒంటరిగా నిలబెట్టిన మెషినుకి ఎక్స్‌ఎల్ బాడీ అయినా ఒకటే, మామూలు గుడ్డ అయినా ఒకటే. నీ ట్రైలర్‌కి ఆ సర్టిఫికెట్ ఉందా అని బాడీ బిల్డర్‌ని అడుగు, కాగితం చూపించకపోతే లేనట్టే లెక్క. లోపల పైనుంచి వేలాడే బెల్టులు కూడా అంతే, బ్రిటన్‌లో అధికారుల మార్గదర్శకాల్లో వాటికి ప్యాలెట్‌కి 400 కిలోల హద్దు పెట్టారు. నీ ట్యాంకు ఒక్కోటి నిండితే టన్ను పైనే. వాటిని ఇప్పుడే పైకి చుట్టేసి మర్చిపో.

ఇక బరువు ఎంత బలంతో కదలాలని చూస్తుందో పట్టుకో. గట్టిగా బ్రేకు కొడితే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకి తోసుకొస్తుంది. మలుపులో పక్కకి 50 శాతం. బండి ఒక్కసారిగా ముందుకి లాగినప్పుడు, లేదా రివర్స్‌లో బ్రేకు కొట్టినప్పుడు, వెనక్కి 50 శాతం. ఇవి యూరప్ వాళ్లు రోడ్డు రవాణాకి పెట్టుకున్న అంకెలు, మన ఘాట్ రోడ్లకి, మన స్పీడ్ బ్రేకర్లకి ఇంతకన్నా తక్కువ వేసుకునే ధైర్యం నాకైతే లేదు. నాలుగు టన్నుల మెషినంటే ముందుకి 3200 కిలోలు, పక్కకి 2000 కిలోలు ఆపాలన్నమాట. దీన్ని ఆపేవి మూడే. అడుగున పట్టు, ఎదురుగా అడ్డం, కట్టు. కర్టెన్ ఈ మూడింట్లో ఏదీ కాదు.

అడుగున పట్టు ముందు చూద్దాం, మనవాళ్లు పట్టించుకోనిది అదే. విశాఖలో ట్రైలర్ ఫ్లోర్ ఎలా ఉంటుందో నీకు తెలుసు. నిన్న యూరియా దింపి ఉంటాడు, మొన్న బొగ్గు, అటు మొన్న ఇంకేదో. ఆ గింజలు, ఆ దుమ్ము ప్లైవుడ్ మీద ఉండగా దాని మీద మెషిను పెడితే బాల్‌బేరింగుల మీద పెట్టినట్టే. నా దగ్గర చేరే ప్రతి కొత్త కుర్రాడికి రాచెట్ కన్నా ముందు చీపురు ఇస్తాను, నవ్వుకుంటారు, నవ్వుకోనీ. తర్వాత మెషిను అడుగు చూడు. గ్రీజు ఉంటే తుడిపించు. పార్టీ వాళ్లు మెషినుని ప్లాస్టిక్ షీట్‌తో కిందదాకా చుట్టి పంపుతారు, అడుగున ఉన్న ఆ షీట్ కోసి తీసేయాల్సిందే, వాళ్లు గొణిగినా సరే. షీట్ మీద కూర్చున్న బరువుకి పట్టు అనేదే ఉండదు.

శుభ్రమైన ఫ్లోర్ మీద పెయింటు వేసిన ఇనుముకి పట్టు 0.3 అనుకుందాం, అంటే బరువులో 30 శాతం దానంతట అదే ఆగుతుంది. కింద యాంటీ స్లిప్ రబ్బరు మ్యాటు వేస్తే 0.6 అవుతుంది. ఇప్పుడు నీ పది బెల్టుల సంగతి. బెల్టు మీద చిన్న ట్యాగు కుట్టి ఉంటుంది చూడు, దాని మీద రెండు అంకెలు. ఎల్‌సీ అనేది బెల్టు తిన్నగా లాగితే తట్టుకునే బలం, 50 మిల్లీమీటర్ల బెల్టుకి మామూలుగా 2500 డెకాన్యూటన్లు, డెకాన్యూటన్ అంటే ఇంచుమించు ఒక కిలో బలం అనుకో. ఎస్‌టీఎఫ్ అనేది చేత్తో రాచెట్ బిగిస్తే బెల్టులో వచ్చే బిగువు, 250 నుంచి 500 మధ్య ఉంటుంది. అందరూ "రెండున్నర టన్నుల బెల్టు, రెండు వేస్తే ఐదు టన్నులు ఆపుతుంది" అంటారు. పైనుంచి వేసిన బెల్టు విషయంలో ఇది శుద్ధ తప్పు. పైనుంచి వేసిన బెల్టు సరుకుని లాగి పట్టుకోదు, కిందకి నొక్కుతుంది, అంతే. అక్కడ పనిచేసేది ఎల్‌సీ కాదు, ఎస్‌టీఎఫ్.

నీ మెషినుకే వేద్దాం. ముందుకి 3200 ఆపాలి, 0.3 పట్టు 1200 ఆపింది, ఇంకా 2000. భద్రత కోసం దానికి నాలుగోవంతు కలుపుకుంటే 2500. ఎస్‌టీఎఫ్ 400 ఉన్న బెల్టు నిట్టనిలువుగా దిగితే రెండు పక్కలా కలిపి 800 నొక్కుతుంది, అందులో పట్టుకి పనికొచ్చేది 30 శాతం, అంటే 240. 2500ని 240తో భాగించు. పదకొండు బెల్టులు! మీటరు పొడుగు మెషిను మీద పదకొండు బెల్టులు ఎక్కడ వేస్తావు? అదే మెషిను కింద రబ్బరు మ్యాటు వేసి లెక్కకట్టు. పట్టే 2400 ఆపేస్తుంది, మిగిలింది 800, నాలుగోవంతు కలిపితే 1000, బెల్టుకి 480 చొప్పున మూడు బెల్టులు. పదకొండుకీ మూడుకీ తేడా ఒక్క రబ్బరు ముక్క. ఓనరు గారిని బెల్టులకి బదులు మ్యాట్లు అడగాల్సింది. ఇంకో సంగతి, బెల్టు నిలువుగా కాకుండా ఏటవాలుగా, ఫ్లోర్‌కి 30 డిగ్రీల్లో దిగితే నొక్కే బలం సగమైపోతుంది, అప్పుడు మూడు కాస్తా ఐదు. పొట్టి సరుకు మీద, ట్రైలర్ వెడల్పంతా బారుగా లాగిన బెల్టు వీణ తీగలా మోగుతుంది గానీ నొక్కేది శూన్యం.

అయినా నీ మెషినుకి మూడు బెల్టులు కూడా వద్దంటున్నాను. ఎందుకంటే అది జారడం ఒక్కటే కాదు, పడిపోతుంది కూడా. బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉందో మెషిను తయారుచేసిన వాళ్ల డ్రాయింగ్‌లో ఉంటుంది, తెప్పించు. నువ్వు పెట్టిన ఫొటో చూస్తే బేస్ 90 సెంటీమీటర్లు, కేంద్రం 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటున్నాను. పక్కకి 50 శాతం బలం వచ్చినప్పుడు పడకుండా నిలవాలంటే బేస్‌లో సగం, కేంద్రం ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండకూడదు. ఇక్కడ 45, అక్కడ 60. పడుతుంది. అలాంటిదాన్ని నాలుగు మూలల నుంచి గొలుసులతో ఐమూలగా లాగి కట్టాలి, రెండు ముందుకి, రెండు వెనక్కి, మెషినుకి ఎత్తడానికి ఇచ్చిన కొక్కేలు పై భాగంలో ఉంటే అక్కడి నుంచి. ఆ కొక్కేలు పక్కకి లాగినా తట్టుకుంటాయా అని కూడా వాళ్లనే అడుగు. ముందుకి పోకుండా ఆపేది వెనక్కి లాగిన జత, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు.

8 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 (గట్టి ఉక్కు రకం) గొలుసు 4000 డెకాన్యూటన్లు తట్టుకుంటుంది. "అయితే రెండు గొలుసులు 8000 కదా" అనకు. ఐమూలగా, 45 డిగ్రీల ఏటవాలులో కట్టినప్పుడు ముందు దిశలో పనికొచ్చేది అందులో సగమే. ఇంకా ముఖ్యం, గొలుసు 4000 అయినా అది తగిలించిన ఫ్లోర్ రింగు ఎంత? యూరప్ ప్రమాణంలో 12 టన్నులు దాటిన బండికి ఒక్కో రింగు 2000 డెకాన్యూటన్లు తట్టుకోవాలి. మన దగ్గర బాడీ షెడ్‌లో వెల్డు పెట్టిన కొక్కెం ఎంత తట్టుకుంటుందో ఆ వెల్డరుకి కూడా తెలీదు. కాబట్టి గొలుసుని కాదు, రింగుని లెక్కపెట్టు. రింగు 2000 అయితే గొలుసుకి 1000 చొప్పున రెండిటికీ 2000. రబ్బరు మ్యాటు పట్టు 2400లో నాలుగోవంతు తగ్గించి 1800 వేసుకో. మొత్తం 3800, కావాల్సింది 3200. గట్టెక్కింది. మ్యాటు లేకుండా అదే లెక్క కడితే 2900, చాలదు. చూశావా, గొలుసు కట్టినా మ్యాటు మ్యాటే.

గొలుసు, బెల్టు కలిపి ఒకే దిశలో ఒకే సరుకుకి వేయొద్దు. పాలిస్టర్ బెల్టు బిగువుకి ఏడు శాతం దాకా సాగుతుంది, గొలుసు సాగదు, దెబ్బ మొత్తం గొలుసు మీద పడుతుంది, బెల్టు తాపీగా చూస్తూ కూర్చుంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను, ఈ మ్యాట్ల పిచ్చి నాకెందుకు పట్టిందో తెలుస్తుంది. పన్నెండేళ్ల కిందట అనుకుంటా, ఒక ఫ్యాక్టరీ నుంచి జయపురం వైపు మూడు టన్నుల గేర్‌బాక్స్ డొల్ల పంపాం. నిగనిగలాడే కొత్త పెయింటు, కింద ప్లాస్టిక్ షీట్, పైన నాలుగు బెల్టులు. సాయంత్రం ఆరు దాటింది, డిస్పాచ్ గుమస్తా గేటు పాసు పట్టుకుని నెత్తి మీద నిలబడ్డాడు, నేనే "సరే పోనీ" అన్నాను. సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్‌లో ఏదో మలుపు దగ్గర అది జరిగింది. డ్రైవరుకి తెలీలేదు, కర్టెన్ కొంచెం పొట్ట వచ్చింది, గాలికి అనుకున్నాడు. పొద్దున దింపే చోట క్లీనరు కుర్రాడు ఆ పొట్ట వచ్చిన వైపే కర్టెన్ బకిల్స్ విప్పడం మొదలుపెట్టాడు. నాలుగో బకిలో ఐదో బకిలో విప్పేసరికి డొల్ల అంచు దాటి కిందకి దొర్లింది. వాడు అప్పుడే వెనక చక్రాల వైపుకి వెళ్లాడు కాబట్టి ఈ మాట నీకు మామూలు గొంతుతో చెప్పగలుగుతున్నాను. డొల్ల పగిలింది, డబ్బులు పోయాయి, అవి వేరే సంగతి. లెక్క తర్వాత వేసి చూసుకున్నాను, ఆ నాలుగు బెల్టులు ఆపాల్సిన దాంట్లో పావు వంతు కూడా ఆపట్లేదు. కర్టెనే ఆపింది రాత్రంతా. అదే దాని దుర్మార్గం, ఆపినట్టు ఆపి, మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు వదిలేస్తుంది.

అందుకని దింపేటప్పుడు: కర్టెన్ పొట్ట వచ్చి ఉంటే ఆ వైపు ముట్టుకోకు. రెండో వైపు తెరిచి లోపలికి చూడు. ఏది ఎటు ఒరిగిందో తెలిశాక ఫోర్క్‌లిఫ్టో క్రేనో ఆసరా పెట్టి అప్పుడు విప్పు. పొట్ట లేకపోయినా బకిల్స్‌కి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి విప్పడం అలవాటు చెయ్యి. రాచెట్ కూడా ఒక్కసారి ఫట్‌మని వదలకు, సరుకు దాని మీద ఆనుకుని ఉందేమో ముందు చూడు.

పైపుల దగ్గరికి వద్దాం. వీటిని ముందు గోడకి ఆనించి పెట్టు. ఒకే వరస, నాలుగు కట్టలు పక్కపక్కన, ముందు గోడ ఎత్తు దాటకూడదు. గోడకీ పైపు కొనలకీ మధ్య మందపాటి ప్లైవుడ్ నిలబెట్టు, లేకపోతే కొనలు సూదుల్లా గోడలో దిగుతాయి. పైపు కట్టలో మోసం ఏంటంటే నువ్వు పైనుంచి ఎంత బిగించినా పట్టు బయటి పైపులకే, మధ్యలో పైపుకి ఇనుము మీద ఇనుము, 0.1 నుంచి 0.2 మించి పట్టు ఉండదు. గట్టిగా బ్రేకు పడితే కట్ట కట్టలాగే ఉంటుంది, మధ్యలోది ఒక్కటే బాణంలా బయటికి వస్తుంది. ఆ బాణం ఎదురుగా ఉండేది క్యాబిన్, అందులో డ్రైవరు. కాబట్టి ముందు గోడకి ఖాళీ లేకుండా ఆనాలి, వెనక కూడా అడ్డం ఉండాలి, సుంకి ఎక్కేటప్పుడు వెనక్కి జారతాయి.

కింద దుంగలు నాలుగు పలకలుగా కోసినవి వేయించు. మన దగ్గర చవకగా దొరుకుతాయని సరుగుడు కర్రలు వేస్తారు. గుండ్రటి కర్ర మీద గుండ్రటి పైపు, ఇంకేం కావాలి! పలక దుంగ కూడా వెడల్పు వైపు కింద ఉండాలి, నిలువుగా నిలబెడితే బ్రేకుకి అదే దొర్లిపోతుంది. పక్కలకి పోకుండా ఒక్కో కట్టని చుట్టి అదే వైపుకి తెచ్చి బిగించే బెల్టు, కుడికి ఒకటి ఎడమకి ఒకటి, ఇలాంటి జతలు పొడవులో కనీసం రెండు చోట్ల. ఒక్క జతే వేస్తే కట్ట దాని మీద తిరుగుతుంది. కర్టెన్ నిలబడే స్తంభాలకి పైపులు ఆనించొద్దు, అవి పైకప్పుని మోయడానికి, పైపుల్ని ఆపడానికి కాదు. లోడు చేయడానికి తీసిన స్తంభాన్ని మళ్లీ పెట్టకుండా బండి కదిలించడం కూడా చూశాను, పైకప్పు కుంగుతుంది.

ట్యాంకులు నీకు తేలిగ్గా కనిపిస్తాయి గానీ నాకు వాటితోనే చిరాకు. నిండా ఉంటే ఫర్వాలేదు, బరువైన పెట్టె లాంటిదే. సగం ఉంటే లోపలి నీళ్లు తన్నుతాయి, బ్రేకు కొట్టాక ఒకసారి, ఆగాక ఇంకోసారి. సగం ట్యాంకులు ఎక్కించనని చెప్పు. రెండేసి పక్కపక్కన మూడు వరసలు, ఒకదానికొకటి ఆని ఉండాలి, వరస మీద అడ్డంగా ఒక చెక్క పలక వేసి దాని మీద నుంచి బెల్టు, నేరుగా బోను గొట్టాల మీద బిగిస్తే అవి వంగిపోతాయి. కింద మ్యాటు మామూలే. లోపలేముందో కూడా అడుగు. పరవాడ ఫార్మా సిటీ వైపు నుంచి వచ్చే సరుకైతే మరీనూ. పాలిస్టర్ బెల్టు ఆమ్లాలకి బాగానే నిలుస్తుంది, కాస్టిక్ లాంటి క్షారం పడితే కుళ్లిపోతుంది, నైలాన్‌ది దానికి తిరగేసి. కారిన మరక ఉన్న బెల్టుని ఎంత కొత్తదైనా పక్కన పడేస్తాను.

వరస ఇలా వస్తుంది: ముందు పైపులు ఆరు మీటర్లు, తర్వాత మీటరు ఖాళీ, మెషిను, మళ్లీ మీటరు ఖాళీ, వెనక ట్యాంకులు మూడు మీటర్లు. ఖాళీలు గొలుసులకి కావాలి. ఆ ఖాళీ వల్ల ట్యాంకులకి ఎదురుగా అడ్డం ఉండదు, అందుకని వాటి ముందు పలక దుంగ ఒకటి ఫ్లోర్‌కి బోల్టులతో బిగించు, బెల్టులు దానికి తోడు. బరువంతా కలిపి 18 టన్నుల పైచిలుకు, మొత్తం మీద ఇబ్బంది లేదు, కానీ ఇరుసు ఇరుసుకీ ఎంత పడుతుందో కాటా దగ్గర విడివిడిగా చూసుకో. మెషినుని కూడా ముందు గోడ దగ్గరికే తోసేద్దాం అని ఎవరో ఒకరు అంటారు, అప్పుడు బరువంతా కింగ్ పిన్ (ట్రైలర్‌ని ముందు బండికి తగిలించే పిన్ను) మీద, హార్స్ (ట్రైలర్‌ని లాగే బండి) వెనక ఇరుసు మీద పడుతుంది. దారిలో జగ్దల్‌పూర్‌లో ట్యాంకులు దింపేసేటట్టయితే మిగిలినదాన్ని మళ్లీ కొత్త లోడు అనుకుని చూడాలి, డ్రైవరుకి ఇది ముందే చెప్పు.

బెల్టుల మీద రెండు ముక్కలు. ట్యాగు చదవలేని బెల్టు బెల్టు కాదు, తాడు. అంచు వెడల్పులో పదో వంతు మించి తెగితే తీసేయ్. ముడి వేసిన బెల్టు అసలు వద్దు. రాచెట్ రోలు మీద కనీసం చుట్టున్నర ఉండాలి, మూడు చుట్లు మించకూడదు. మెషిను పదును అంచు మీద కార్నర్ ప్రొటెక్టర్ లేకుండా వేస్తే సాలూరు దాకా కూడా రాదు. మన ఊరి ఉప్పు గాలికి రాచెట్లు ఆరు నెలల్లో తుప్పు పట్టేస్తాయి, వాటికి నూనె పెట్టు, కానీ గుడ్డకి తగలనీయకు, నూనె అంటిన బెల్టు రోలు మీద జారుతుంది.

బయల్దేరాక మొదటి చెకింగ్ పది పదిహేను కిలోమీటర్లలోనే, సబ్బవరం రాకముందే ఎక్కడో రోడ్డు దిగి ఆపు. గుంతలకి, గేట్లకి సరుకు సర్దుకుని బెల్టులు వదులవుతాయి, ఇది తప్పదు, ఎంత బాగా కట్టినా. రెండోది సాలూరులో, ఘాట్ ఎక్కకముందు, లారీలకి పేరున్న ఊరు కాబట్టి ఏం కావాలన్నా దొరుకుతుంది. మూడోది ఘాట్ ఎక్కాక కొరాపుట్ దగ్గర, ఇంకోటి కేశ్‌కాల్ ఘాట్‌కి ముందు. ప్రతిసారీ కర్టెన్ కొంచెం తెరిచి లోపలికి చూడమను, బయటి నుంచి తట్టి చూడ్డం చెకింగ్ కాదు. డ్రైవరు విసుక్కుంటాడు, ఇరవై బకిల్స్ విప్పి మళ్లీ పెట్టాలి మరి. వెనక తలుపు తీసి టార్చి వేసి చూసినా చాలావరకు తెలుస్తుంది, అదైనా చేయించు. నేను మ్యాటు అంచు వెంబడి ఫ్లోర్ మీద సుద్దతో గీత గీస్తాను, మెషిను బేస్ ఆ గీత దాటిందంటే కదిలిందన్నట్టే, ఎవరికీ వివరించక్కర్లేదు.

చట్టం సంగతి కూడా అడిగావు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194కి 2019 సవరణలో ఒక ఉపసెక్షన్ చేర్చారు, సరుకు బాడీ దాటి పక్కకి గానీ, ముందుకి వెనక్కి గానీ, హద్దు మించి ఎత్తుకి గానీ వస్తే 20 వేల రూపాయల జరిమానా, దింపించే ఖర్చు అదనం. బండి వెడల్పు హద్దు 2.6 మీటర్లు. ఒరిగిన సరుకు కర్టెన్‌ని బయటికి తోసిందంటే దాటినట్టేనని ఆపిన ఆఫీసరు అంటే మన దగ్గర జవాబు ఉండదు. అప్పుడు రోడ్డు మీద జవాబు చెప్పుకోవాల్సింది డ్రైవరే, "తొందరగా పోనీ" అన్న గుమస్తా అక్కడ ఉండడు. అందుకే నేను కట్టిన ప్రతి లోడుకీ కర్టెన్ మూయకముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి డ్రైవరు ఫోనుకి పంపుతాను.

ఓనరు గారు కొన్న పది బెల్టులు వృథా కావులే, పైపులకీ ట్యాంకులకీ పనికొస్తాయి, పైన చెప్పిన జతల లెక్కకి ఇంకొన్ని కావాలి. ఇంకా కొనాల్సింది 8 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 గొలుసులు నాలుగు, బిగించే టెన్షనర్లతో సహా, రబ్బరు మ్యాట్లు, కార్నర్ ప్రొటెక్టర్లు. అన్నీ కలిపినా ఆ మెషిను మీద ఒక సొట్టకి పార్టీ అడిగే డబ్బు కన్నా తక్కువే అవుతుంది, అలా చెప్పి చూడు, ఓనర్లకి ఆ భాష త్వరగా ఎక్కుతుంది. ఫ్లోర్ రింగుల ఫొటోలు దగ్గర నుంచి తీసి పెట్టు, వెల్డు కనపడాలి. చాసిస్‌కి తగిలి ఉన్నాయా, ఉత్త ఫ్లోర్ రేకుకి అతికించారా అనేది చూడకుండా గొలుసులు కట్టమని నేను చెప్పలేను.